ఫార్మసీ టెక్నీషియన్ల సీఈ గంటలకు సీపీఈ మానిటర్: వాడుతున్నవారి వైపు నుంచి ఒక సమీక్ష

అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్‌గా పనిచేస్తూ సర్టిఫికేషన్ నిలుపుకోవాలంటే రెండేళ్లకొకసారి 20 గంటల నిరంతర విద్య పూర్తి చేసినట్టు చూపించాలి. ఈ పనిలో ఉన్నవారందరూ దాన్ని సీఈ అనే పిలుస్తారు కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను. ఏసీపీఈ గుర్తింపు ఉన్న ఏ సంస్థలో చదివినా ఆ గంటల లెక్క చివరకు చేరే చోటు సీపీఈ మానిటర్. రాష్ట్రాల ఫార్మసీ బోర్డులన్నిటికీ ఉమ్మడి సంఘమైన ఎన్ఏబీపీ, ఫార్మసీ విద్యకు గుర్తింపునిచ్చే ఏసీపీఈతో కలిసి ఏర్పాటు చేసిన సేవ ఇది. నా అభిప్రాయం ముందే చెబుతాను: లెక్క ఉంచడంలో ఇది నమ్మదగినది, ఖాతా తెరవడానికి డబ్బు కట్టనక్కరలేదు, మొదటి పాఠం మొదలుపెట్టకముందే ప్రతి టెక్నీషియనూ దీన్ని తెరిచి ఉంచుకోవాలి. అయితే ఇది లెక్కల పుస్తకమే తప్ప, మీ గంటలు చెల్లుతాయో చెల్లవో తేల్చే అధికారి కాదు. ఆ తేడా తెలియక రెన్యూవల్ సమయంలో కంగారుపడిన సహోద్యోగులను నేను దగ్గర నుంచి చూశాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే.

ముందుగా నిబంధన ఏమిటో స్పష్టంగా ఉండాలి. టెక్నీషియన్లకు పరీక్ష పెట్టి ధ్రువీకరించే జాతీయ సంస్థ పీటీసీబీ. 1995లో ఏర్పడిన ఈ సంస్థ ఇచ్చే సీపీహెచ్‌టీ సర్టిఫికేషన్ రెండేళ్లు చెల్లుతుంది. ఆ రెండేళ్లలో చేయవలసిన 20 గంటల్లో కనీసం ఒక గంట ఫార్మసీ చట్టం మీద, కనీసం ఒక గంట రోగి భద్రత మీద ఉండాలి. మిగిలినవి కూడా టెక్నీషియన్ పనికి సంబంధించిన విషయాలే కావాలి. ఇటువంటిదే మరో సంస్థ ఎన్‌హెచ్‌ఏ నిర్వహించే ఎక్స్‌సీపీటీ పరీక్ష ద్వారా సర్టిఫికేషన్ పొందినవారికీ ఇవే 20 గంటలు, ఇవే రెండు ప్రత్యేక గంటలు. అవసరానికి మించి చదివిన గంటలను వచ్చే రెండేళ్లకు మిగుల్చుకునే వీలు లేదు. కొన్ని సంస్థలు గంటలకు బదులు సీఈయూ అనే కొలత వాడతాయి. ఒక గంట 0.1 సీఈయూ, కాబట్టి 20 గంటలంటే 2.0 సీఈయూ అని గుర్తుంటే చాలు.

ఈ సేవ గురించి తెలుగులో రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది. మన దగ్గర బీఫార్మసీ చదివి ఇక్కడికి వచ్చి టెక్నీషియన్లుగా పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నారు. విదేశీ ఫార్మసీ పట్టభద్రులు ఇక్కడ ఫార్మసిస్టు లైసెన్సు వైపు వెళ్లాలంటే ఎఫ్‌పీజీఈసీ ధ్రువీకరణ కావాలి. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవారికి దానికోసం కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలన్నది నియమం. మన బీఫార్మసీ నాలుగేళ్లదే కావడంతో ఆ దారి చాలామందికి అక్కడే ఆగిపోతుంది, టెక్నీషియన్ ఉద్యోగమే వారి వృత్తి జీవితానికి ఆధారమవుతుంది. అటువంటివారికి ఈ సర్టిఫికేషన్ చాలా విలువైనది. గంటల లెక్కలో చిన్న పొరపాటు వల్ల అది చేజారకూడదన్నదే నా తాపత్రయం.

ఖాతా తెరవడం కష్టమేమీ కాదు. ఎన్ఏబీపీ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి, టెక్నీషియన్ అని ఎంచుకుంటే ఈ-ప్రొఫైల్ నంబరు ఒకటి ఇస్తారు. ఆ తర్వాత ఏ సంస్థలో పాఠం చదివినా ఈ నంబరు, మీరు పుట్టిన నెల, తేదీ ఇవ్వాలి. సంస్థ పంపిన గంటలు ఈ రెండూ సరిపోలితేనే మీ ఖాతాలో పడతాయి. మనవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. ఇంట్లో జరుపుకునే పుట్టినరోజు ఒకటి, బడిలో చేర్పించేటప్పుడు రాయించి పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి ఎక్కిన తేదీ ఇంకొకటి అయిన ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. ఒకచోట అది, ఒకచోట ఇది ఇచ్చారంటే గంటలు ఖాతాకు చేరవు. అలాగే ఇంటిపేరు ముందా వెనకా, పెళ్లి తర్వాత మారిందా అన్నవి కూడా పాస్‌పోర్టులో, బోర్డు రిజిస్ట్రేషన్‌లో, ఈ ఖాతాలో ఒకే విధంగా ఉండేలా చూసుకోవడం మంచిది. పాత ఖాతా ఉన్న సంగతి మరిచి రెండోది తెరిస్తే గంటలు రెండుచోట్ల చీలిపోతాయి; అలా జరిగి ఉంటే కొత్తగా ఏదీ చదవకముందే ఎన్ఏబీపీకి రాసి రెండిటినీ ఒకటి చేయించుకోవాలి.

ఇక గంటలు ఎలా నమోదవుతాయో చూద్దాం. పాఠం పూర్తయి, పరీక్ష ఉత్తీర్ణులై, అభిప్రాయ పత్రం నింపాక, ఆ వివరాలను సీపీఈ మానిటర్‌కు పంపవలసిన బాధ్యత పాఠం నిర్వహించిన సంస్థది. అందుకు ఏసీపీఈ ఇచ్చిన గడువు 60 రోజులు. మంచి సంస్థలు నిమిషాల్లో పంపుతాయి, పరీక్ష ముగించి ఖాతా తెరిచేసరికి అక్కడ కనిపిస్తుంది. కొన్ని మాత్రం వారాల తరబడి పంపవు. నేను డబ్బు కట్టి చేరిన ఒక సంస్థ, పేరు అక్కరలేదు, ఒక వెబినార్ తాలూకు గంటను ఎన్ని ఉత్తరాలు రాసినా సరిచేయడానికి చాలా కాలం తీసుకుంది. ఆ జాప్యంలో సీపీఈ మానిటర్ తప్పేమీ లేదు, ఎందుకంటే సంస్థ పంపని గంటను అది తనంతట తాను చేర్చలేదు. ఏసీపీఈ గుర్తింపు ఉన్న పాఠం గంటను మీరు కూడా మీ చేత్తో అందులో రాసుకోలేరు. ఈ నియమం కొంత ఇబ్బంది పెట్టినా నాకు సబబుగానే తోస్తుంది. బోర్డులు ఈ లెక్కను నమ్ముతున్నాయంటే ఆ గంటలను పంపేది మనం కాక సంస్థ కావడమే కారణం.

అందువల్ల పాఠం చదివిన వారంలోపు ఖాతా చూసుకోవడం, కనిపించకపోతే అప్పుడే సంస్థకు రాయడం అలవాటు చేసుకోవాలి. 60 రోజులు దాటాక సరిచేయించుకోవడం చాలా కష్టం, ఒక్కోసారి అసలు కుదరదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఖాతాలో ప్రతి పాఠం పక్కన ఒక పొడవైన సంఖ్య ఉంటుంది. దాన్ని యూఏఎన్ అంటారు. చాలామంది దాన్ని రసీదు నంబరులా భావించి వదిలేస్తారు, కానీ మీ గంట చెల్లుతుందా లేదా అన్నది తొంభై పాళ్లు ఆ సంఖ్య చివరి భాగమే చెబుతుంది. మొదట సంస్థ నంబరు, తర్వాత సహ నిర్వాహకుల నంబరు, తర్వాత సంవత్సరం, ఆ ఏడాదిలో పాఠం వరుస సంఖ్య ఉంటాయి. వాటితో మనకు పని లేదు. ఆ తర్వాత వచ్చేది ఒక అక్షరం, రెండు అంకెలు, చిట్టచివర ఇంకొక అక్షరం. ఉదాహరణకు చివర ‘హెచ్03-టి’ అని ఉందనుకోండి. హెచ్ అంటే ఇంట్లో కూర్చుని చదువుకునే పాఠం; దాని స్థానంలో ఎల్ ఉంటే ప్రత్యక్షంగా జరిగినది. 03 అంటే చట్టం. టి అంటే టెక్నీషియన్ల కోసం రూపొందించినది.

ఈ అంకెల్లో 05 అంటే రోగి భద్రత. పీటీసీబీ అడిగే రెండు ప్రత్యేక గంటలు 03, 05 ఉన్న పాఠాలతోనే తీరతాయి. 01 జబ్బులూ మందుల చికిత్స, 04 ఫార్మసీ సాధారణ విషయాలు, 06 టీకాలు, 07 మందుల తయారీ, 08 నొప్పి నివారణ, ఓపియాయిడ్లు (మార్ఫిన్ తరహా నొప్పి మందులు). శీర్షికను చూసి మోసపోయే అవకాశం ఇక్కడే ఎక్కువ. ‘ఓపియాయిడ్ల పంపిణీలో భద్రత’ వంటి పేరున్న పాఠం వినడానికి రోగి భద్రతలాగే ఉంటుంది, కానీ సంఖ్యలో 08 ఉంటే అది భద్రత గంట కింద లెక్కకు రాదు. కంట్రోల్డ్ మందుల, అంటే దుర్వినియోగం కాకుండా చట్టం కట్టడి చేసిన మందుల, నియమాల గురించి గంటసేపు చెప్పిన పాఠానికి 01 ఉండవచ్చు. అది చట్టం గంట కాదు. పేరు కాకుండా సంఖ్య చూడాలి, అదీ పాఠం మొదలుపెట్టక ముందే చూడాలి. ఏసీపీఈ గుర్తింపు ఉన్న సంస్థలు ఈ సంఖ్యను పాఠం వివరాల్లోనే ఇస్తాయి.

చివరి అక్షరం విషయంలో బీఫార్మసీ చదివినవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. టెక్నీషియన్ల పాఠాలు మరీ తేలికగా ఉన్నాయని, తమ చదువుకు తగినట్టు ఉంటుందని ఫార్మసిస్టుల పాఠాలు ఎంచుకునేవారున్నారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, నేర్చుకోవడానికి అవి చదవడంలో తప్పేమీ లేదు. కానీ వాటి సంఖ్య చివర పి ఉంటుంది. పీటీసీబీ ఖాయంగా అంగీకరించేది టి ఉన్నదాన్నే. పి ఉన్న పాఠం విషయం టెక్నీషియన్ పనికి నేరుగా సంబంధించినదని చూపించుకోవలసి వస్తుంది, ఆ వాదన నిలుస్తుందన్న భరోసా లేదు. అవసరమైన 20 గంటలూ టి పాఠాలతో నింపుకుని, పి పాఠాలను ఆ లెక్కకు బయట చదువుకోవడం క్షేమం.

సీపీఈ మానిటర్ ఈ సంఖ్యలన్నీ చక్కగా చూపుతుంది. వాటి అర్థం మీ పరిస్థితికి అన్వయించుకోవలసింది మాత్రం మీరే. ఎందుకంటే మీకు సంబంధించిన నిబంధనలు ఒకటి కాదు, రెండు. జాతీయ సర్టిఫికేషన్ నిబంధన ఒకటి, మీ రాష్ట్ర బోర్డు నిబంధన మరొకటి. టెక్సస్‌లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు రెండేళ్లకు 20 గంటలు కావాలి, వాటిలో ఒక గంట టెక్సస్ ఫార్మసీ చట్టాల మీదే ఉండాలి. కేంద్ర చట్టాల మీద చదివిన 03 పాఠం పీటీసీబీకి సరిపోతుంది కానీ ఆ గంటను తీర్చదు. ఫ్లోరిడాలో 20 గంటల్లో 4 గంటలు ప్రత్యక్ష పాఠాలు కావాలి, 2 గంటలు మందుల పొరపాట్ల మీద ఉండాలి. అక్కడ హెచ్, ఎల్ తేడా ఎంతో ముఖ్యం. పైగా రెండు నిబంధనల రెండేళ్ల కాలాలు ఒకే రోజున మొదలై ఒకే రోజున ముగుస్తాయన్న హామీ ఏమీ లేదు. అవి రెండూ కలిసే నెలల్లో చదివిన గంటలు రెండు చోట్లా ఉపయోగపడతాయి కాబట్టి, రెండు గడువు తేదీలూ ఒకే కాగితం మీద రాసుకుని, రాష్ట్ర చట్టం గంటనూ భద్రత గంటనూ ఆ ఉమ్మడి కాలంలోనే పూర్తి చేయడం తెలివైన పని.

టీకాలు వేసే టెక్నీషియన్లకు మరో మెలిక ఉంది. 2020లో కోవిడ్ సమయంలో కేంద్ర ఆరోగ్య శాఖ టెక్నీషియన్లకు టీకాలు వేసే వీలు కల్పించినప్పుడు, లైసెన్సు కాలంలో కనీసం 2 గంటలు టీకాల మీద ఏసీపీఈ ఆమోదించిన పాఠాలు చదవాలని షరతు పెట్టింది. ఇప్పుడు మీ రాష్ట్రం ఏమి అడుగుతోందో బోర్డు వద్దే చూసుకోవాలి. 06 పాఠాలు ఉన్నాయో లేదో ఖాతాలో ఒక్క చూపులో తెలుస్తుంది.

లెక్క సంగతి అలా ఉంచి, ఆ లెక్కలోకి చేరే పాఠాల నాణ్యత గురించి కూడా చెప్పకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. ఒకే వ్యాసాన్ని ఫార్మసిస్టులకూ టెక్నీషియన్లకూ ఇచ్చి, లక్ష్యాలను మాత్రం మనకోసం కాస్త తగ్గించి, పరీక్షలో తేలిక ప్రశ్నలు పెట్టిన పాఠాలు ఎన్నో ఉన్నాయి. మందు శరీరంలో ఏ గ్రాహకం మీద పనిచేస్తుందో పది పేజీలు చదివాక, కౌంటర్ దగ్గర మనం చేసే పనికి పనికొచ్చే వాక్యం ఒక్కటీ దొరకదు. గంట మాత్రం ఖాతాలో పడుతుంది. ఇటువంటి పాఠాల మీద నాకు అసంతృప్తి ఉంది, ఎందుకంటే టెక్నీషియన్ పని ఫార్మసిస్టు పనికి కుదించిన రూపం కాదు. ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్‌లోకి ఎక్కించేది, మాత్రలు లెక్కించేది, ఇన్సూరెన్స్ తిరస్కరణను మొదట చూసేది మనం. పొరపాటు మొదలయ్యేదీ, ఆగగలిగేదీ ఆ చోట్లలోనే.

మంచి పాఠం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మెథోట్రెక్సేట్ మీద నేను చదివిన భద్రత పాఠం ఒకటి, ఆ మందు చరిత్రతో మొదలుపెట్టకుండా, ప్రిస్క్రిప్షన్‌తోనే మొదలైంది. కీళ్లవాతానికి ఈ మందు వారానికొకసారి వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారానికి నాలుగు మాత్రల చొప్పున 16 మాత్రలు రాస్తే అవి 28 రోజులకు వస్తాయి. అదే ‘రోజూ’ అని పొరపాటున ఎక్కిస్తే 4 రోజులకే అయిపోయినట్టు లెక్క తేలుతుంది. ఎన్ని రోజుల సరఫరా అన్న గడిలో 4 కనిపించగానే చెయ్యి ఆగాలి, ఫార్మసిస్టును పిలవాలి. ఇన్సూరెన్స్ కోసమని మాత్రమే మనం నింపే ఆ గడి రోగిని కాపాడే సంకేతం కూడా అని ఆ పాఠం చూపించింది. నాకు తెలిసిన మందు గురించే అయినా ఆ తర్వాత ఆ గడిని నేను చూసే తీరు మారింది.

చట్టం పాఠాల్లో కూడా ఇదే కొలమానం. కంట్రోల్డ్ మందులు రాసే వైద్యులకు కేంద్ర సంస్థ డీఈఏ ఇచ్చే నంబరు సరైనదో కాదో చూసే పద్ధతిని మంచి పాఠాలు చేతితో చేయిస్తాయి. రెండు అక్షరాల తర్వాత వచ్చే ఏడు అంకెల్లో ఒకటి, మూడు, ఐదు స్థానాల అంకెలను కూడాలి. రెండు, నాలుగు, ఆరు స్థానాలవి కూడి రెట్టింపు చేయాలి. ఈ రెండు మొత్తాలను కలిపితే వచ్చే చివరి అంకె, నంబరులోని ఏడో అంకెతో సరిపోవాలి. అంకెలు 1234563 అనుకుంటే 1, 3, 5 కలిసి 9, 2, 4, 6 కలిసి 12, రెట్టింపు 24, మొత్తం 33, చివరి అంకె 3, ఏడో అంకె కూడా 3. అలాగే ముక్కుదిబ్బడకు వాడే స్యూడోఎఫెడ్రిన్ ఒక మనిషికి రోజుకు 3.6 గ్రాములకు మించి అమ్మకూడదని, 30 రోజుల్లో 9 గ్రాములకు మించి కొనకూడదని కేంద్ర చట్టం చెబుతుంది. ఈ పరిమితులను ఊరికే జాబితాగా ఇచ్చే పాఠానికీ, పెట్టె మీది మిల్లీగ్రాముల నుంచి లెక్క కట్టించే పాఠానికీ ఎంతో తేడా ఉంటుంది. హైడ్రలజీన్, హైడ్రాక్సిజీన్ వంటి దగ్గర పేర్లను అల్మారాలో పక్కపక్కన ఎందుకు పెట్టకూడదో బొమ్మలతో చూపిన చిన్న పాఠం కూడా నాకు నచ్చినవాటిలో ఒకటి.

ఉచితంగా దొరికే పాఠాలు తక్కువరకమన్న అభిప్రాయంతో నేను ఏకీభవించను. పవర్‌పాక్ వంటి చోట్ల టెక్నీషియన్లకు ఉచిత పాఠాలు దొరుకుతాయి, ఓపికగా ఎంచుకుంటే 20 గంటలూ డబ్బు కట్టకుండానే నింపుకోవచ్చు. ఉచిత పాఠాలు కొన్ని మందుల కంపెనీల నిధులతో తయారవుతాయి. ఆ విషయం మొదట్లోనే వెల్లడించాలన్నది ఏసీపీఈ నియమం, ఆ ప్రకటన చదివి ముందుకు వెళ్లడం మంచిది. చందా కట్టేవాటిలో ప్రధానమైన సౌకర్యం ప్రత్యక్ష వెబినార్లు తరచుగా దొరకడం, రాష్ట్రాలవారీగా చట్టం పాఠాలు ఒకేచోట ఉండడం. ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో ఉన్నవారికి ఆ ఖర్చు సబబే. మిగిలినవారు చందా కట్టేముందు తమ యాజమాన్యం ఇప్పటికే ఏదైనా సంస్థతో ఒప్పందం చేసుకుందేమో అడగాలి. వెబినార్లకు వెళ్లేవారు చివర్లో చూపే హాజరు కోడ్ రాసుకుని, గడువులోపు ఆ గంటను క్లెయిమ్ చేసుకోవడం మరవకూడదు. గంటంతా విన్నా కోడ్ ఎక్కించకపోతే సంస్థ పంపడానికి ఏమీ ఉండదు.

రెన్యూవల్ సమయంలో ఈ సేవ వల్ల కలిగే మేలు స్పష్టంగా కనిపిస్తుంది. పీటీసీబీ ఖాతాలో మీ ఈ-ప్రొఫైల్ నంబరు ఇస్తే నమోదైన గంటలను అక్కడికి తెచ్చుకోవచ్చు, ఒక్కొక్క సర్టిఫికెట్టూ వెతికి వివరాలు మళ్లీ ఎక్కించే శ్రమ తప్పుతుంది. అయినా ప్రతి పాఠం సర్టిఫికెట్‌నూ దాచుకోండి, పీటీసీబీ తనిఖీకి ఎంచుకున్నప్పుడు అడగవచ్చు. ఏసీపీఈ గుర్తింపు లేని పాఠాలు చదివి ఉంటే, అవి సీపీఈ మానిటర్‌కు తమంతట తాము రావు కాబట్టి, ఆ కాగితమే మీకున్న ఏకైక ఆధారం.

రెండేళ్లలో 20 గంటలంటే నెలకు గంట కూడా కాదు. అయినా చాలామంది ఆఖరి నెలలోనే మొదలుపెడతారు, ఆ నెలలో చదివిన పాఠాన్ని పంపడానికి సంస్థకు 60 రోజుల సమయం ఉందన్న సంగతి గుర్తుకు రాదు. అంటే నియమం ప్రకారమే జరిగినా, మీ గంట ఖాతాకు చేరేసరికి సర్టిఫికేషన్ గడువు దాటిపోయి ఉండవచ్చు. గడువు దాటితే పీటీసీబీ ఏడాదిలోపు పునరుద్ధరణకు అవకాశమిస్తుంది, దానికి అదనపు రుసుము ఉంటుంది, గంటలు ఎలాగూ పూర్తి చేయాలి. ఆ ఏడాది కూడా దాటితే మళ్లీ పరీక్ష రాయాల్సిందే. సర్టిఫికేషన్ తప్పనిసరి అయిన రాష్ట్రాల్లో ఈలోపు పని ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి చివరి పాఠాన్ని గడువుకు రెండు నెలల ముందే ముగించి, ఆ వారంలోనే ఖాతా తెరిచి, 03 ఒకటి, 05 ఒకటి, మొత్తం 20 గంటలు, ప్రతిదాని చివరా టి ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్క చూసుకోండి.